సౌర విద్యుత్ మార్కెట్ విస్తరణ – బోరుబావి సేద్యంపై దాని ప్రభావం

మన దేశంలో స్థాపిత సౌర విద్యుత్ సామర్థ్యం 2025 జనవరి చివరి నాటికి 100 గిగావాట్లు దాటింది. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్ ప్రారంభమైనప్పుడు 2022 నాటికి 20 గిగావాట్లు సాధించాలన్నదే లక్ష్యం. 2015లో కేంద్ర ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని ఐదు రెట్లు పెంచింది. గడువు రెండేళ్లు తప్పినా ఇది చిన్న విజయం కాదు. అయితే వ్యవసాయ శాస్త్రవేత్తలు అడగవలసిన ప్రశ్న మెగావాట్ల లెక్కతో ముగియదు. పొలంలోకి వచ్చిన సౌర పలక బోరుబావిలోని నీటిని కాపాడుతుందా, లేక మరింత వేగంగా ఖాళీ చేస్తుందా అన్నది మన ప్రశ్న. దీనికి సమాధానం పలకలో లేదు. దానిని పొలానికి చేర్చిన విధానంలోనూ, దాని కింద సాగయ్యే పంటలోనూ ఉంది.

ధర ఎలా తగ్గింది

మిషన్ తొలినాళ్లలో సౌర విద్యుత్తు ఖరీదైన సరుకు. కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ అప్పట్లో యూనిట్‌కు సుమారు 18 రూపాయల ప్రామాణిక ధరను లెక్కగట్టింది. ఇంత ధరకు రాష్ట్రాల పంపిణీ సంస్థలు కొనవు కనుక, ఎన్‌టీపీసీ అనుబంధ సంస్థ ద్వారా చౌకైన బొగ్గు విద్యుత్తును సౌర విద్యుత్తుతో కలిపి సగటు ధరకు అమ్మే ఏర్పాటు చేశారు. ఎవరు తక్కువ ధరకు అమ్ముతామంటే వారికే ఒప్పందం దక్కే వేలం పద్ధతి దానికి తోడైంది. 2010 చివరి వేలంలోనే ధర 11 రూపాయల దరిదాపులకు వచ్చింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు వేలంలో 2.44 రూపాయలకు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 రూపాయలకు దిగింది.

ఈ తగ్గుదలలో అంతర్జాతీయంగా పలకల ధర పడిపోవడం, ముఖ్యంగా చైనా భారీ ఉత్పత్తి, పెద్ద కారణం. దానిని కాదనలేము. కానీ పంపిణీ సంస్థలు తమ కొనుగోళ్లలో కొంత భాగాన్ని పునరుత్పాదక వనరుల నుంచే తీసుకోవాలన్న నిబంధన, రాష్ట్రాల మధ్య ప్రసార చార్జీల మినహాయింపు, భూమినీ గ్రిడ్ అనుసంధానాన్నీ ముందే సిద్ధం చేసి ఇచ్చే సౌర పార్కులు లేకుంటే ఆ చౌకదనం మన దేశానికి ఇంత త్వరగా చేరేది కాదు. కర్నూలు జిల్లాలోని 1,000 మెగావాట్ల పార్కు, కర్ణాటకలోని పావగడ పార్కు ఈ విధానం నుంచి పుట్టినవే. పావగడలో రైతుల నుంచి భూమిని కొనకుండా కౌలుకు తీసుకున్నారు. కరువు ప్రాంతంలో నిశ్చితమైన కౌలు విలువ ఎంతో మెట్ట సేద్యం తెలిసినవారికి వివరించనక్కరలేదు.

పొలం గట్టు వరకు

వ్యవసాయానికి నేరుగా సంబంధించిన పథకం 2019లో వచ్చిన పీఎం కుసుమ్. ఇందులో మూడు భాగాలున్నాయి. మొదటిది రైతుల భూముల్లో 2 మెగావాట్ల వరకు చిన్న కేంద్రాలు. రెండవది గ్రిడ్‌తో సంబంధం లేని సౌర పంపుసెట్లు. మూడవది గ్రిడ్‌కు కలిసి ఉన్న పంపుసెట్లను, లేదా వాటికి విద్యుత్తునిచ్చే వ్యవసాయ ఫీడరు మొత్తాన్ని, సౌర విద్యుత్తుకు మార్చడం. విద్యార్థులు సాధారణంగా రెండవ భాగాన్నే గుర్తుంచుకుంటారు, ఎందుకంటే రాయితీ కరపత్రాల్లో కనిపించేది అదే. నా అభిప్రాయంలో తెలుగు రాష్ట్రాలకు మూడవ భాగమే కీలకం.

కారణం స్పష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది ఇరవైనాలుగు గంటల సరఫరా అయింది. మన బోరు రైతుకు డీజిల్ ఖర్చు తప్పించడం అనే ప్రయోజనం చాలాచోట్ల వర్తించదు. అతనికి దక్కే మేలు పగటి విద్యుత్తు. రాత్రి సరఫరా ఉన్న రోజుల్లో పాముకాటు భయం, విద్యుదాఘాతం, వాటిని తప్పించుకోవడానికి ఆటో స్టార్టర్లు, అవి తెల్లవార్లూ నడిపించిన మోటార్లు, మడి నిండి పొర్లిన నీరు మనకు తెలిసినవే.

ఒక యూనిట్ ఎంత నీరు

ఇక్కడ లెక్క వేసి చూడాలి. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 40 శాతం, మొత్తం ఎత్తు 60 మీటర్లు అనుకుంటే ఒక యూనిట్ విద్యుత్తు సుమారు 2,450 లీటర్ల నీటిని పైకి తెస్తుంది. ఐదు అశ్వశక్తుల పంపుకు అమర్చే దాదాపు 5 కిలోవాట్ల పలకలు ఎండ బాగున్న రోజున 20 యూనిట్లు ఇస్తాయి. అంటే రోజుకు 49 వేల లీటర్లు. ఎకరంపై పరిస్తే 12 మిల్లీమీటర్ల తడి. వేసవిలో కూడా ఎకరం ఆరుతడి పంటకు ఇది అవసరానికి మించిన నీరు.

ఏడాదిలో 150 రోజులు పంపు నడిచిందనుకుందాం. పలకలు ఇచ్చే దాదాపు 7,300 యూనిట్లలో 3,000 వాడకంలోకి వస్తాయి. గ్రిడ్‌తో సంబంధం లేని పంపులో మిగిలిన 4,300 యూనిట్లకు విలువ లేదు. విలువ లేని విద్యుత్తు చేతిలో ఉన్న రైతు మరో పావు ఎకరం వరి పెంచుతాడు, లేదా పక్క పొలానికి నీరమ్ముతాడు. అతణ్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మన గ్రానైట్ నేలల్లో దీనికో మెలిక ఉంది. రాతి పగుళ్లలో ఊరే నీటిపై ఆధారపడిన బోరు గంటసేపు గట్టిగా తోడితే ఎండుతుంది. ఉదయం మెల్లగా మొదలై మధ్యాహ్నానికి పుంజుకునే సౌర పంపు అలాంటి బోరుకు అనువైనదే. కానీ అదే పంపు సూర్యుడున్నంత సేపూ ఊరిన నీటిని ఊరినట్టే తోడేస్తుంది. మెల్లగా తోడడం పొదుపు కాదు.

మిగులుకు ధర

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘంగా ఏర్పడ్డారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వారికి తోడ్పడింది. తమ పంపులకు వాడగా మిగిలిన విద్యుత్తును పంపిణీ సంస్థకు యూనిట్ 4.63 రూపాయలకు అమ్ముకునేలా ఇరవై ఐదేళ్ల ఒప్పందం కుదిరింది. రైతు తోడే ప్రతి యూనిట్‌కూ ఇప్పుడు ఒక ధర ఏర్పడింది, అది అతను వదులుకునే ఆదాయం. గుజరాత్ ప్రభుత్వం 2018లో తెచ్చిన సూర్యశక్తి కిసాన్ యోజనకూ ఈ ఆలోచనే మూలం. పంజాబ్ అదే సంవత్సరం సౌర పలకలతో నిమిత్తం లేకుండా, పొదుపు చేసిన యూనిట్‌కు 4 రూపాయలు చెల్లించే ప్రయోగం మొదలుపెట్టింది.

దీనిని మన పంటలకు అన్వయిద్దాం. ఎకరం రబీ వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకుంటే, పై లెక్కలోని బోరులో వరికి సుమారు 1,985 యూనిట్లు, వేరుశనగకు 827 యూనిట్లు కావాలి. తేడా 1,158 యూనిట్లు. యూనిట్‌కు 3 రూపాయలు వస్తే ఎకరానికి 3,500 రూపాయల లోపు. ధుండి ధరకు 5,400 లోపు. మద్దతు ధరకు కొనుగోలు కేంద్రం సిద్ధంగా ఉన్న వరిని వదలడానికి ఈ మొత్తం ఒక్కటే చాలదు. మిగులు విద్యుత్తును కొంటే చాలు భూగర్భ జలం దానంతట అదే నిలుస్తుందన్న వాదనను అందుకే నేను సగమే అంగీకరిస్తాను. ఆరుతడి పంటకు కొనుగోలు భరోసా తోడైతేనే ఆ 3,500 రూపాయలు రైతు నిర్ణయాన్ని అటు వంచగలవు.

ఫీడరు మొత్తాన్ని మార్చే పద్ధతి పంపిణీ సంస్థకు సులువు. ప్రతి బోరుకూ పలకలు అక్కరలేదు, సబ్‌స్టేషన్ దగ్గర ఒక కేంద్రం చాలు. కానీ ఆ మార్పు రైతుకు కనిపించదు. అతని యూనిట్ మునుపటిలాగే ఉచితం. ఆదా చేసిన యూనిట్లకు ప్రోత్సాహకం ఇవ్వాలన్నా, మీటరు లేనిచోట ఆదాను కొలిచే దారి లేదు. మీటరు అనగానే బిల్లు వస్తుందన్న అనుమానం గ్రామాల్లో బలంగా ఉంది. అది రైతుల అజ్ఞానం కాదు, అనుభవం నేర్పిన జాగ్రత్త. మీటరు డబ్బు ఇస్తుందని ఒక సీజనులోనైనా చూడకుండా వారు నమ్మరు.

విస్తరణ రంగం చేయవలసినది

నీటిమట్టం ప్రమాదకరంగా పడిపోయిన ప్రాంతాల్లో కొత్త సౌర పంపులకు పీఎం కుసుమ్ మార్గదర్శకాలు అనుమతించవు. ఉన్న డీజిల్ పంపును మార్చుకోవచ్చు, సూక్ష్మసేద్యం ఉండాలి. రాజస్థాన్ ఉద్యాన శాఖ అంతకుముందే రాయితీ పంపుకు నీటికుంట, బిందు సేద్యం షరతుగా పెట్టింది. షరతు పత్రాల్లో ఉండడం వేరు, పొలంలో ఉండడం వేరు. డ్రిప్ గొట్టాలు చుట్టగా కొట్టంలో పడివున్న పొలాలను క్షేత్ర సందర్శనల్లో చూసేవారికి ఈ తేడా తెలుసు.

కృషి విజ్ఞాన కేంద్రాలు సౌర పంపు ప్రదర్శన క్షేత్రాల్లో దిగుబడితో పాటు మూడు అంకెలు నమోదు చేయాలి: పంటకాలంలో తోడిన యూనిట్లు, పంపు విడుదల రేటు, మే నెలలోనూ నవంబరులోనూ బోరులో నీటిమట్టం. నీటిమట్టం కొలవడానికి తాడు, గంట చాలు. ఆంధ్రప్రదేశ్‌లో రైతుల భాగస్వామ్య భూగర్భ జల యాజమాన్య పథకంలో గ్రామస్థులే ఈ కొలతలు తీసి గోడలపై రాశారు. పలకల కింద సాగు గురించి కూడా మన పరిశోధన స్థానాలు ఆలోచించాలి. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల క్షేత్రంలో పలకల వరుసల మధ్య పెసర, గోరుచిక్కుడు, జీలకర్ర వంటి పంటలను పరీక్షించింది. అక్కడి ఇసుక నేలల ఫలితాలు మన ఎర్ర చల్కా నేలలకు యథాతథంగా పనికిరావు. నీడలో ఏ రకం ఎంత దిగుబడి ఇస్తుంది, పలకలు కడిగిన నీరు ఏ సాలుకు చేరుతుంది, ట్రాక్టరు తిరగడానికి వరుసల మధ్య ఎంత దూరం కావాలి అన్నవి స్నాతకోత్తర విద్యార్థులు రెండు సీజన్లలో తేల్చగల అంశాలు.