వీపు మీది సిలిండర్ మనకు కనిపించదు
స్కూబా డైవర్లు చేయవలసినవి, చేయకూడనివి

విశాఖ రుషికొండ తీరం నుంచి పడవలో బయల్దేరిన ఒక ఉదయం సంగతి ఇది. అప్పటికి నేను 40కి పైగా డైవ్‌లు చేసి ఉన్నాను. సిలిండర్‌కు గాలి నింపే జాకెట్ నేనే కట్టుకున్నాను, నోటికి గాలి అందించే రెగ్యులేటర్ నేనే బిగించుకున్నాను. పడవలో సామాను అందించే కుర్రాడు నా వెనక్కి వచ్చి, "సార్, సిలిండర్ బెల్టు లూజుగా ఉన్నట్టుంది. ఒకసారి బిగించమంటారా?" అని అడిగాడు. "చూసుకున్నాన్లే" అన్నాను. అతనికి డైవింగ్ సర్టిఫికెట్ లేదు, నాకు ఉంది. నా చేత ఆ మాట అనిపించింది అదే.

12 మీటర్ల లోతుకు చేరాక సిలిండర్ పట్టీలోంచి కిందికి జారింది. దాంతో గొట్టం వెనక్కి లాక్కుపోయింది. నోట్లో ఉన్న మౌత్‌పీస్ ఊడిపోబోతుంటే చేత్తో అదిమి పట్టుకున్నాను. నా బడ్డీ, అంటే నాతో జతగా దిగిన డైవర్, గమనించి వెనక్కి వచ్చాడు. ఒక చేత్తో సిలిండర్‌ను పైకి ఎత్తిపట్టి, రెండో చేత్తో పట్టీ విప్పి మళ్ళీ బిగించాడు. అంతసేపూ నేను కదలకుండా ఊపిరి పీలుస్తూ ఉండిపోయాను. పడవ ఎక్కగానే ఆ కుర్రాడితో, "తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే. నేను వినాల్సింది" అన్నాను.

స్కూబా సామానులో ప్రాణాధారమైనది చాలావరకు మన వెనకే ఉంటుంది. సిలిండర్, దాని వాల్వ్, పట్టీ, రెగ్యులేటర్ బిగింపు, వీటిలో ఏదీ వేసుకున్నాక మన కంటికి ఆనదు. అందుకే ఇంకొకరు చూసి చెప్పే మాట డైవింగ్‌లో మర్యాద కోసం వినేది కాదు, మాస్క్‌లాగా, ఫిన్స్‌లాగా అది కూడా సామానులో భాగమే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. చెప్పినప్పుడు వినకపోవడమే దాన్ని ప్రమాదం దాకా తీసుకెళ్తుంది.

పైన సరిపోయిన గాలి కింద ఎందుకు చాలదు?

1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం దగ్గర్నుంచి నేటి రెగ్యులేటర్ దాకా సూత్రం ఒకటే. మనం పీల్చినప్పుడే గాలి వస్తుంది, అదీ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో వస్తుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ సుమారు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. ఉపరితలం మీద 1 బార్ ఉంటే 20 మీటర్ల లోతున 3 బార్లు. అంటే అక్కడ పీల్చే ఒక్కో ఊపిరికి సిలిండర్ నుంచి మూడింతల గాలి రావాలి.

వాల్వ్ కొద్దిగానే తెరుచుకుని ఉందనుకోండి. పడవ మీద కూర్చుని పీలిస్తే ఊపిరిలో ఏ తేడా తెలియదు. 20 మీటర్ల లోతున ఆ సందులోంచి వచ్చే గాలి చాలదు, ఊపిరి బిగుసుకుపోతుంది. ఇంకో రకం పొరపాటు ఇంతకంటే మోసకారి. వాల్వ్ తెరిచి, పరీక్షించి, మళ్ళీ మూసేసి మర్చిపోతారు. గొట్టాల్లో గాలి నిండే ఉంటుంది కాబట్టి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు 200 బార్ మీదే నిలబడి ఉంటుంది. చూసినవాళ్ళు నిండు సిలిండరే అనుకుంటారు. నీళ్ళలో దూకాక నాలుగైదు ఊపిర్లతో ఆ గాలి అయిపోతుంది. అందుకే గేజ్‌ను ఊరికే చూస్తే చాలదు, గాలి పీలుస్తూ చూడాలి.

సామాను బిగించేటప్పుడు చేయవలసినవి

• సిలిండర్ పట్టీని ముందు నీళ్ళలో తడపండి. నైలాన్ పట్టీ తడిస్తే సాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు బిగించింది నీళ్ళలోకి వెళ్ళాక వదులవుతుంది. బిగించాక జాకెట్ పై పిడి పట్టుకుని పైకెత్తి రెండుసార్లు గట్టిగా కుదపండి. సిలిండర్ అంగుళం జారినా విప్పి మళ్ళీ కట్టండి.

• వాల్వ్ నోటి దగ్గర ఉండే చిన్న రబ్బరు రింగును, అదే ఓ-రింగును, కళ్ళారా చూడండి. పగులు ఉన్నా, నలిగినా, అసలు లేకపోయినా కొత్తది అడగండి. వాల్వ్ తెరవగానే బుస్సుమనే శబ్దం వస్తే ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

• రెగ్యులేటర్ సరైన దిక్కున ఉందో లేదో చూసుకోండి. గాలి పీల్చే గొట్టాలు కుడి భుజం మీదుగా రావాలి, గేజ్ గొట్టం, జాకెట్‌లో గాలి నింపే గొట్టం ఎడమ వైపుకు రావాలి. తిరగేసి బిగిస్తే అన్నీ తారుమారవుతాయి.

• జాకెట్‌కు గాలి గొట్టం తగిలించాక ఒకసారి లాగి చూడండి. తగిలించినట్టే కనిపించి, ఊడి వేలాడే గొట్టాలు చాలానే చూశాను. జాకెట్‌ను నిండా ఉబ్బించి కాసేపు ఆగండి. మెత్తబడితే ఎక్కడో కారుతోందన్నమాట. గాలి వదిలే బటన్లు కూడా నొక్కి చూడండి.

• వాల్వ్ తెరిచేటప్పుడు గేజ్ అద్దాన్ని ఎవరి ముఖం వైపూ లేకుండా పక్కకు తిప్పి పట్టుకోండి. మెల్లగా తెరవండి, ఆగేదాకా పూర్తిగా తెరవండి. పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పడం పాత అలవాటు. తిప్పే దిక్కు పొరపాటున తారుమారైతే, దాదాపు మూసిన వాల్వ్‌ను తెరిచి ఉందనుకునే ప్రమాదం ఆ అలవాటులో ఉంది.

• గేజ్ వైపు చూస్తూ నాలుగైదు ఊపిర్లు పీల్చండి. ముల్లు కదలకుండా ఉంటే వాల్వ్ బాగా తెరుచుకుందని అర్థం. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తుంటే సరిగా తెరుచుకోలేదు. పడిపోయి తిరిగి లేవకపోతే అసలు మూసే ఉంది. బడ్డీ కోసం ఉంచే రెండో మౌత్‌పీస్‌తో కూడా పీల్చి చూడండి.

• గాలికి నూనె వాసన గానీ, పొగ వాసన గానీ ఉంటే ఆ సిలిండర్ వాడకండి.

• బిగించడం పూర్తయ్యాక సిలిండర్‌ను పడుకోబెట్టండి, లేదా స్టాండుకు కట్టండి. ఊగే పడవలో నిలబెట్టి వదిలేసిన సిలిండర్ ఎవరి కాలి మీదైనా పడుతుంది, వాల్వ్ కూడా దెబ్బతింటుంది.

బడ్డీతో కలిసి చేయవలసినవి

• దూకే ముందు ఒకరినొకరు తనిఖీ చేసుకోండి. ఐదు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే మర్చిపోరు: జాకెట్, బరువులు, బకిల్స్, గాలి, చివరగా తల నుంచి ఫిన్స్ దాకా ఒక చూపు. పైపైన చూసి బొటనవేలూ చూపుడువేలూ కలిపి "ఓకే" అనేయడం తనిఖీ కాదు. చేత్తో తాకి, నోటితో చెప్పాలి.

• మునగడానికి బరువులు కట్టుకునే మీ వెయిట్ బెల్టు ఎటు లాగితే ఊడుతుందో బడ్డీకి చూపించండి. అవసరం వచ్చినప్పుడు మీ బరువులు వదిలించాల్సింది ఆ మనిషే కావచ్చు. బెల్టు బకిల్ మీద ఇంకే పట్టీ అడ్డం రాకూడదు.

• ఎవరైనా లోపం చెబితే ముందు "థాంక్స్" అనండి, తర్వాత చూసుకోండి. చెప్పింది తప్పే అయినా మీకు పోయేది అర నిమిషం.

• ఎదుటివారి లోపం కనిపిస్తే అడిగి చేయి వేయండి. "మీ పట్టీ వదులుగా ఉంది, బిగించనా?" అంటే చాలు. చేశాక ఏం చేశారో చెప్పండి.

• ఎవరు సాయం చేసినా, ఆ తర్వాత గేజ్ చూస్తూ మళ్ళీ పీల్చి చూసుకోండి. దూకబోతున్న డైవర్ వాల్వ్‌ను మంచి మనసుతోనే పట్టుకుని, తెరుస్తున్నాననుకుని మూసేసేవాళ్ళు ఉంటారు. సాయం తీసుకోవాలి, తీసుకున్నాక సరిచూసుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే అది భద్రత.

చేయకూడనివి

• మాట్లాడుతూ బిగించకండి. సామాను కట్టుకుంటున్నవారిని మాటల్లో పెట్టకండి. మధ్యలో ఎవరైనా పిలిస్తే తిరిగొచ్చాక ఆపిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచి చూసుకోండి. సగంలో ఆగిన పని పూర్తయినట్టు గుర్తుండిపోతుంది.

• అందరూ దూకేశారని తొందరపడకండి. నీళ్ళలో ఉన్నవాళ్ళు రెండు నిమిషాలు ఆగగలరు.

• అనుభవం ఉంది కదా అని తనిఖీ మానకండి. కొత్తవారు భయంతో అన్నీ చూసుకుంటారు. 100 డైవ్‌లు దాటినవారి చేతులు అలవాటుగా కదులుతాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది.

• అద్దె సామాను మీ సొంత సామానులాగే ఉంటుందనుకోకండి. బకిల్స్, బటన్లు, బరువుల జేబులు ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా ఉంటాయి. పడవ మీదే నాలుగుసార్లు తీసి పెట్టి చూడండి.

• చెప్పకుండా ఎవరి వాల్వ్‌నూ ముట్టకండి.

• తప్పు చేసినవారిని నలుగురిలో నవ్వులపాలు చేయకండి. ఒకసారి నవ్వులపాలైన మనిషి రెండోసారి సాయం అడగడు. అడగని మనిషితో కలిసి నీళ్ళలోకి దిగేది మీరే.

• అనుమానం ఉండగా దిగకండి. "ఈ రోజు నాకొద్దు" అనే హక్కు ప్రతి డైవర్‌కూ ప్రతి క్షణం ఉంటుంది, కారణం చెప్పాల్సిన అవసరం లేదు. కట్టిన డబ్బు గురించి గానీ, పడవలోవాళ్ళు ఏమనుకుంటారోనని గానీ ఆలోచించకండి.

మొదటిసారి దిగేవారికి

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌కు, అదే పాత హేవ్‌లాక్‌కు, వెళ్ళే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అక్కడ సరదాగా ఒక్క డైవ్ చేసేవారికి సామానంతా ఇన్‌స్ట్రక్టరే కడతారు. అయినా మీ వంతు పని కొంత ఉంటుంది.

మొదటిది, అర్థం కాకపోతే తలూపకండి. పాఠం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో వేగంగా సాగిపోతుంది. పెద్దవాళ్ళు, పిల్లలు మొహమాటానికి అన్నిటికీ సరే అంటారు. నేను చూసిన ఒక తల్లి మాత్రం చెయ్యెత్తి ఆపింది. "బాబూ, చెవులు నొప్పి పుడితే ఏం చెయ్యాలో ఇంకోసారి చెప్పు" అని తెలుగులోనే అడిగింది. పక్కనున్న కూతురు హిందీలో చెప్పింది. ఇన్‌స్ట్రక్టర్ ముక్కు మూసుకుని మెల్లగా ఊది చూపించాడు. ఆమెతో పాటు వరుసలో ఉన్న మిగతావాళ్ళంతా మళ్ళీ చేసి నేర్చుకున్నారు. వాళ్ళకూ అప్పటిదాకా అర్థం కాలేదన్నమాట.

రెండోది, సైగలు బాగా గుర్తుపెట్టుకోండి. బయట బొటనవేలు పైకెత్తితే బాగుందని అర్థం, నీళ్ళలో మాత్రం పైకి వెళ్దామని అర్థం. ఏదైనా తేడాగా ఉంటే అరచేయి చాచి అటూ ఇటూ ఊపి, ఇబ్బంది ఎక్కడుందో వేలితో చూపించండి. అన్నిటికీ ఓకే సైగ చేస్తే పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్‌కు కూడా మీ బాధ తెలియదు.

మూడోది, ఎంత కంగారుగా ఉన్నా ఊపిరి బిగపట్టకండి. ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, దానికి దారి తెరిచి ఉండాలి. నాలుగోది, ఆరోగ్య ఫారం నిజాయితీగా నింపండి. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి దాచిపెడితే ఎవరూ సాయం చేయలేరు. వాళ్ళకు తెలిస్తేనే కదా చేసేది.

ఆ రుషికొండ ఉదయం తర్వాత నాకొక అలవాటైంది. సామాను వేసుకున్నాక పడవలో ఎవరున్నా సరే, ఇన్‌స్ట్రక్టర్ అయినా, మొదటి డైవ్‌కు వచ్చిన కాలేజీ పిల్లయినా, వాళ్ళవైపు వీపు తిప్పి, "వెనక ఎలా ఉందో చూసి చెప్పండి" అంటాను. చాలాసార్లు అంతా బాగానే ఉందంటారు. పోయిన ఏడాది ఒకమ్మాయి తటపటాయిస్తూ, "అంకుల్, ఈ గొట్టం పట్టీ కింద ఇరుక్కుంది, ఇలాగే ఉండాలా?" అని అడిగింది. అలా ఉండకూడదు. అది నా బడ్డీకి గాలి అందించాల్సిన రెండో గొట్టం. ఆ అమ్మాయి చేతే దాన్ని బయటికి తీయించి, గేజ్ చూస్తూ నాలుగు ఊపిర్లు పీల్చి, అప్పుడు దూకాను.