వ్యక్తిగత గోప్యత

“పెదవి దాటితే పృథివి దాటుతుంది” అన్నారు పెద్దలు. నోటిమాటే ప్రధాన సాధనమైన కాలంలో పుట్టిన సామెత ఇది. అంతర్జాలయుగంలో పెదవి కదపనక్కరలేదు. వేలికొన తాకితే చాలు. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, చిరునామా, ఛాయాచిత్రం క్షణంలో లోకాన్ని చుట్టివస్తాయి. విడివిడిగా ఇవి చిన్న విషయాలే. ఒకచోట చేరితే మాత్రం ఒక మనిషి జీవితమే పరుల చేతికి చిక్కుతుంది. మోసగాడు బ్యాంకు ఉద్యోగిలా నమ్మబలకడానికి కావలసిన సరంజామా అదే.

గోప్యత అంటే తప్పును దాచుకోవడం కాదు. తన గురించి ఎవరికి, ఎంతవరకు తెలియాలో తానే నిర్ణయించుకోగల స్వేచ్ఛ. భారత రాజ్యాంగంలో ఈ హక్కు పేరు విడిగా కనిపించదు. 2012లో విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ పథకాన్ని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యంలో తలెత్తిన ప్రశ్నపై తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో గోప్యత అంతర్భాగమని ప్రకటించింది. కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసన సభ్యులలో ఒకరు. అయితే ఈ హక్కు నిరపేక్షం కాదు. న్యాయమైన ప్రయోజనం కోసం, చట్టం ద్వారా, అవసరమైన మేరకు దీనికి పరిమితులు విధించవచ్చు.

ఈ తీర్పు వేసిన బాటలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమావళి వెలువడింది. అందులోని విధులు దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు జరిగింది. ఈ చట్టానికి ఆయువుపట్టు సమ్మతి. వైద్యసలహా ఇచ్చే యాప్ రోగి వివరాలు అడగడం సహజం; అతని ఫోనులోని పరిచయస్థుల నంబర్లతో దానికి పనిలేదు. అవసరానికి మించిన సమ్మతి చెల్లదని చట్టం చెబుతున్నది. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు. తప్పులు దిద్దమని, వివరాలు తొలగించమని కోరవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండనివారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరం. ఉల్లంఘించిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ఇంత చట్టమూ కొన్నిచోట్ల ఆగిపోతుంది. ప్రభుత్వ సంస్థలకు ఇచ్చిన మినహాయింపులు విస్తృతంగా ఉన్నాయన్న విమర్శ ఉంది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి: వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అనుమతి లేకుండా ఒకరి దేహగోప్యతకు భంగం కలిగించే చిత్రాలు తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధిస్తుంది. కాని వేయి ఫోన్లకు చేరిన చిత్రాన్ని ఏ న్యాయస్థానమూ పూర్తిగా వెనక్కు తేలేదు. చట్టం శిక్షించగలదు, జరిగినదాన్ని జరగనట్లు చేయలేదు.

కనుక మొదటి కావలి వ్యక్తి వివేకమే. యాప్ అడిగిన ప్రతి అనుమతికీ తలూపరాదు. ఒకే సంకేతపదాన్ని అన్ని ఖాతాలకు వాడరాదు. ఓటీపీని ఎంతటి ఆప్తుడిలా మాట్లాడినవాడికీ చెప్పరాదు. మోసం జరిగి డబ్బు పోతే సిగ్గుతో దాచక వెంటనే 1930 నంబరుకు తెలపాలి. తన గుట్టు ఎంత విలువైనదో ఎదుటివారిదీ అంతే. మిత్రుని చిత్రాన్ని అతని అనుమతి లేకుండా పంపేవాడు తన గోప్యతకు రక్షణ కోరే నైతికార్హతను కోల్పోతాడు.

ఇంటికి తలుపు అమర్చేది వడ్రంగి. గడియ వేసుకోవలసింది ఇంటివారు. చట్టం తలుపు వంటిది. గడియ ప్రతి పౌరుని చేతిలోనే ఉంది.

అభ్యాసం

1. గోప్యతకు, తప్పును దాచడానికి గల భేదాన్ని వివరించండి.
2. 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రాధాన్యం ఏమిటి?
3. “చట్టం తలుపు వంటిది” – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.