పువ్వు కాదు, పచ్చడి సీసా

పొదుపు సంఘం మహిళలు ఆవకాయ పెట్టారు. అమ్మకానికి ఫోనులో వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్నారు. ఇది 2018లో వచ్చింది. పేరు పక్కన గులాబీ పువ్వు ఫొటో పెట్టారు. చూసినవాళ్ళు పూల కొట్టు అనుకున్నారు. పచ్చడికి బేరాలు రాలేదు.

సంఘంలో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పువ్వు తీసేశారు. ఆవకాయ సీసాను పగటి వెలుగులో, తెల్లగుడ్డ ముందు పెట్టి ఫొటో తీశారు.

ఆ ఫొటో ఫోనులో చిన్న గుండ్రంగా కనిపిస్తుంది. మూలలు తెగిపోతాయి. అందుకే సీసా నడిమధ్యన ఉండాలి. సన్నని అక్షరాలు కనబడవు. సంఘం పేరు పెద్ద అక్షరాలతో రాయాలి.

వేరేవాళ్ళ సీసా ఫొటో పెట్టకూడదు. ఫొటోలో ఒకటి, చేతికొచ్చేది ఒకటి అయితే కొన్నవాళ్ళు మళ్ళీ రారు.

ఫొటో చూసి వస్తారు. రుచి చూసి మళ్ళీ వస్తారు.