ముందు క్రియాటినిన్ అడుగు

ఆమదాలవలస

చిన్నమ్మీ,

ఫార్మకాలజీ ఎంత బట్టీ పట్టినా తలకెక్కడం లేదనీ, మందుల పేర్లన్నీ కలగాపులగమైపోతున్నాయనీ రాశావు. పేరు మర్చిపోతే వార్డులో కూడా పుస్తకం తీసి చూసుకోవచ్చు, అందులో సిగ్గేమీ లేదు. నీకు అలవాటు కావలసింది ఒక ప్రశ్న. ఈ మందు ఈ మనిషి ఒంట్లోంచి ఏ దారిన బయటికి పోతుంది? మన జిల్లాలో పనిచేయబోయే నర్సుకి ఇంతకన్నా అవసరమైన ప్రశ్న ఇంకోటి లేదని నా నమ్మకం.

ఎందుకంటే కిడ్నీ జబ్బుల ఉద్దానం మనకి పక్కనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపునుంచి ఎంతమంది శ్రీకాకుళానికీ, విశాఖ కేజీహెచ్‌కీ తిరుగుతుంటారో నీకు తెలుసు. మన స్టేషన్లో రైలాగినప్పుడు రిపోర్టుల కవర్లు, మందుల సంచులు చేతపట్టుకున్నవాళ్లను చూసే ఉంటావు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నువ్వు గుర్తుపెట్టుకోవలసింది మాత్రం, ఉద్దానంలో చాలామందికి షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు దెబ్బతింటాయి. ముదిరేదాకా కాళ్లవాపులు కూడా కనపడకపోవచ్చు.

అలాంటి మనిషి జీడితోటలో ఎండనపడి పనిచేసి, రాత్రికి ఒళ్లునొప్పులని షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకుంటాడు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందాలంటే ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. నొప్పిబిళ్ల ఆపేది వాటినే. ఆసుపత్రికొచ్చాక "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే లేదంటాడు. అబద్ధం కాదు, నొప్పిబిళ్ల అతని లెక్కలో మందు కాదు. అందుకని "నొప్పులకి బిళ్లలేటైనా ఏసుకుంటన్నావా? సూదేటైనా ఏయించావా?" అని వాళ్ల మాటలోనే అడుగు. వచ్చిన జవాబు కేస్ షీట్లో రాయి.

ఇక కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే లెక్క. వయసు 140లోంచి తీసెయ్యి, బరువుతో గుణించు, 72ని క్రియాటినిన్‌తో గుణించి దానితో భాగించు. ఆడమనిషైతే చివర 0.85తో గుణించు. పాత సూత్రమే, కాగితం మీద నిమిషంలో అవుతుంది. ముప్పై ఏళ్ల కుర్రాడు, 60 కిలోలు, క్రియాటినిన్ 1.4 అనుకో. సుమారు 65 వస్తుంది. అరవై ఏళ్ల ముసలమ్మ, 40 కిలోలు, అదే 1.4. ఆవిడకి 27. రిపోర్టులో ఇద్దరిదీ ఒకటే అంకె, ఆవిడ కిడ్నీ పని మాత్రం అతనిదాంట్లో సగం కూడా లేదు. కండ తక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది కాబట్టి ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది. మన పల్లెల్లో బక్కపలచని ముసలమ్మలే ఎక్కువ కదా!

ఇప్పుడు ఆవిడకి జెంటామైసిన్ రాశారనుకో. అది దాదాపు అంతా మూత్రంలోనే పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుని మిగిలిన కిడ్నీనీ, చెవినీ దెబ్బతీస్తుంది. డోసు నువ్వు మార్చకూడదు, ఆపేసి ఊరుకోనూకూడదు. "సార్, వయసు అరవై, బరువు నలభై, క్రియాటినిన్ 1.4. లెక్కేస్తే 27 వస్తోంది. ఇదే డోసు ఇమ్మంటారా?" అని అడుగు. ఎదురు చెప్పినట్టవుతుందని భయపడకు. లెక్కతో అడిగే నర్సుని మంచి డాక్టరు ఎప్పుడూ తప్పుపట్టడు. ఒకవేళ విసుక్కున్నా, ఆ విసుగు నీమీద ఆ పూట వరకే.

కాన్పు వార్డులో మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఇదే దారిన పోయేది. ప్రతి డోసుకీ ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందో లేదో చూడు. నిమిషానికి ఊపిరి 16కి తగ్గకూడదు, మూత్రం గంటకి కనీసం 30 మి.లీ. రావాలి. మూడింట్లో ఏది తగ్గినా ఆ డోసు ఆపి డాక్టర్ని పిలవాలి. కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ మంచం పక్క ట్రేలో ఉండాలి, స్టోర్లో కాదు.

పొటాషియం క్లోరైడ్ గురించి వేరే చెప్పను. ఆంప్యూల్‌లోది నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. కలిపి, మెల్లగా, అంతే.

ఇన్సులిన్ దగ్గర ఇంకో చిక్కు. మనకి మి.లీ.కి 40 యూనిట్ల వయల్సూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్రమూత సిరంజి 40కి, నారింజమూతది 100కి. 100 వయల్‌లోంచి ఎర్రమూత సిరంజితో 20 గీతదాకా లాగితే లోపలికెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. కిడ్నీ సరిగా లేని ఒంట్లో ఇన్సులిన్ మామూలుకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది, అంటే షుగర్ పడిపోయాక లేపడం మరీ కష్టం. వయల్ మీద అంకె చదివి, సిరంజి మూత చూసి, పక్క సిస్టర్‌కి రెండూ చూపించాకే ఇవ్వు.

మందు ఇచ్చేముందు మనిషిని గుర్తుపట్టడం పుస్తకంలో ఒక లైను. మన వార్డులో అదొక పెద్ద పని. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మనవైపు తక్కువ. ఒకే వరసలో ఇద్దరు అప్పలనాయుళ్లు, ముగ్గురు అప్పలస్వాములు పడుకుని ఉంటారు. "అప్పలనాయుడేనా?" అంటే చెవి సరిగా వినపడని పెద్దాయన కూడా ఊఁ అంటాడు. "నీ పేరేటి తాతా? మీదే ఊరు?" అని అడిగి ఆయన నోటితోనే చెప్పించు. తర్వాత కేస్ షీట్ నంబరు కలుపు.

మందు వికటిస్తే రాసి పంపడం డాక్టర్ల పనే అనుకోకు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి ఉంది. నర్సులూ పంపవచ్చు. ఫోను 1800-180-3024, డబ్బులు పడవు.

సంక్రాంతికి వచ్చేలోగా నీ క్లినికల్ పోస్టింగ్‌లో చూసిన ముసలివాళ్లకి ఆ లెక్క వేసి ఉంచు. పేర్లు రాయకు, వయసు, బరువు, క్రియాటినిన్, వాళ్లకి రాసిన మందులు చాలు. ఇద్దరం కూర్చుని ఏ మందు ఎవరికి ఎక్కువైందో చూద్దాం.

నీ పెద్దమ్మ