ఐపీ అడ్రసులకూ ఒక పహాణీ

మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఊళ్లల్లో పహాణీ అంటే తెలియని రైతు ఇల్లు ఉండదు. ఏ సర్వే నంబర్‌లో ఎంత భూమి, పట్టా ఎవరిది, సాగు ఎవరిది అన్నీ అందులో ఉంటాయి. నెట్‌వర్క్‌లో ఆ పని చేసేది ఐపీ అడ్రస్ మేనేజ్‌మెంట్, పొట్టిగా ఐపామ్.

ఒక కాలేజీకి 10.20.4.0/24 బ్లాక్ ఉందనుకోండి. మొత్తం 256 నంబర్లు. మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతే 254 మిగులుతాయి. ల్యాబ్‌కి సగం, హాస్టల్‌కి సగం పంచితే రెండు /25లు అవుతాయి, సర్వే నంబర్ 112 కాస్తా అన్నదమ్ముల మధ్య 112/అ, 112/ఆ అయినట్టు. ఇప్పుడు ఒక్కోదాంట్లో 126, అంటే కలిపి 252. ఇంకో రెండు ఎటు పోయినయ్? కొత్త గెట్టు కిందికి పోయినయ్!

వైఫైకి కలిసినప్పుడు మీ ఫోన్‌కి డీహెచ్‌సీపీ ఇచ్చే అడ్రస్ లీజు, అంటే అచ్చంగా కౌలే. మామూలుగా సగం గడువు కాగానే ఫోన్ రెన్యూవల్ అడుగుతుంది. కౌలుకిచ్చే నంబర్లలో ఒకదాన్ని ఎవరో ప్రింటర్‌కి చేత్తో పెట్టేస్తే, సర్వర్ అదే నంబర్‌ని ఒక ల్యాప్‌టాప్‌కి కూడా ఇచ్చేయొచ్చు. ఇక రెండింటికీ నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఆన్‌లైన్ ఎగ్జామ్ మధ్యలో ఇలా అయితే ఎన్ని కేబుల్స్ పీకి చూసినా దొరకదు. అందుకే మంచి ఐపామ్ అప్పుడప్పుడు స్కాన్ చేసి, కాగితం మీద ఉన్నదే మోక మీద ఉందా అని చూస్తుంది.

పేర్ల లెక్క, అంటే డీఎన్‌ఎస్, వేరు. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కొత్త జిల్లాలయ్యాయి. ఇప్పుడు మంచిర్యాల డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైట్ ఉంది. చివరి నుంచి చదవండి: దేశం, ప్రభుత్వం, రాష్ట్రం, జిల్లా. కానీ ఆ సర్వర్ మంచిర్యాలలోనే ఉండాలని ఏం లేదు, సైట్‌ని హోస్ట్ చేసేది ఎన్‌ఐసీ. పేర్లు పరిపాలన ప్రకారం చీలుతాయి, నంబర్లు నెట్‌వర్క్ ప్రకారం. నాకైతే ఈ సబ్జెక్ట్‌లో అసలు పాయింట్ ఇదే అనిపిస్తుంది.

రెండింటినీ కలిపేవి రికార్డులు. 'ఏ' రికార్డు పేరు నుంచి నంబర్‌కి, 'పీటీఆర్' నంబర్ నుంచి పేరుకి. సర్వర్ మార్చినప్పుడు మొదటిది మార్చి రెండోది మరిచిపోతే, రిజిస్ట్రేషన్ అయ్యి మ్యుటేషన్ కానట్టే. సైట్ మామూలుగానే తెరుచుకుంటుంది, ఆ సర్వర్ పంపే మెయిల్స్ మాత్రం స్పామ్‌లో పడొచ్చు. ఐపామ్‌నీ డీఎన్‌ఎస్‌నీ ఒకే డేటాబేస్‌కి కట్టేది ఇందుకే: ఒక ఎంట్రీతో రెండూ మారాలి. 2020లో ధరణి వచ్చినప్పుడు వ్యవసాయ భూములకు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి అన్నదీ ఇదే ఐడియా. కాకపోతే ఎంట్రీయే తప్పైతే, తప్పు కూడా రెండు చోట్లా ఒకేసారి పడుతుంది.

చేసి చూడాలంటే పీహెచ్‌పీఐపామ్ ఉచితం, స్కాన్ కూడా చేస్తుంది. మీ రూమ్ రౌటర్‌కి ఉన్న నాలుగు ఫోన్లతో మొదలుపెట్టండి.