మ్రింగిన వస్తువు – దాచిన మాట



కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక బాలుడు పెదవుల నడుమ నుంచుకొన్న గుండుసూదిని మ్రింగి, నా కోపమునకు వెఱచి రెండు దినములు ఎవ్వరికిని చెప్పలేదు. దైవవశమున సూది తనంతట వెలువడినది. ఆ మౌనమునకు నా బెత్తమే కారణమని తెలిసి సిగ్గుపడితిని. ఈ పాఠము నాటి ఋణము.

మ్రింగిన వస్తువు అన్నవాహిక గుండ జీర్ణకోశమునకును, పిమ్మట ప్రేగులలోనికిని పోవును. నూటికి 80 మొదలు 90 వరకు ఏ చికిత్సయు లేకయే మలముతో వెడలిపోవును. మిగిలినవానిలో పెక్కింటిని వైద్యులు ఎండోస్కోపు అను సన్నని గొట్టమును నోటిగుండ పంపి తీయుదురు. శస్త్రచికిత్స కావలసినవి నూటికి ఒకటియు నుండవు. అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యుడు షెవాలియె జాక్సన్ (1865–1958) రోగుల గొంతులనుండియు శ్వాసనాళములనుండియు తీసిన పిన్నీసులు, నాణెములు, ఎముకలు మొదలగునవి 2,000కు పైగా ఆ నగరపు మ్యూటర్ మ్యూజియమున భద్రపరుపబడి యున్నవి.

అయినను రెండు వస్తువుల యెడ ఉపేక్ష కూడదు. మొదటిది గుండీవంటి చిన్న బ్యాటరీ. అది అన్నవాహికలో చిక్కినచో, తడి తగిలి విద్యుత్తు ప్రవహించి, క్షారము పుట్టి, 2 గంటలలోనే లోపలి గోడను తీవ్రముగా కాల్చగలదు. రెండవది అయస్కాంతము. రెండు అయస్కాంతములు వేర్వేరు ప్రేగు మడతలలో చేరి ఒకదానినొకటి లాగుకొనును. నడుమ నలిగిన ప్రేగునకు రక్తమందక అది చచ్చి చిల్లుపడును. లోని మలినము కడుపంతట వ్యాపించి చీము పట్టును. అప్పుడు శస్త్రవైద్యుడు ఉదరమును కోసి, మలినమును కడిగి, చిల్లును కుట్టును. చెడిన భాగమును తొలగించి మంచి కొసలను జతపరచును. ఆలస్యమైన కొలది అపాయము హెచ్చును.

కావున వాంతి చేయింపరాదు. అరటిపండ్లు తినిపించి కాచుకొనియుండరాదు. కడుపునొప్పి, వాంతులు, జ్వరము, మ్రింగలేకుండుట, రక్తము పడుట అపాయచిహ్నములు. బ్యాటరీ, అయస్కాంతము, మొనగల వస్తువు అయినచో చిహ్నములకై వేచియుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను. బ్యాటరీ మొదలగు లోహవస్తువుల జాడ ఎక్స్-రేలో తెలియును. మ్రింగినదానివంటిది మఱియొకటి యున్నచో వెంట కొనిపోవుడు. ఇచ్చటి వైద్యునకు మన తెలుగు రాకున్నను వస్తువును చూచిన గ్రహించును.

తల్లిదండ్రులారా! బిడ్డ నిజము చెప్పినపుడు దండింపకుడు. బాలలారా! పొరపాటు జరిగిన వెంటనే చెప్పుడు. తిట్టు ఒక పూటలో మఱపునకు వచ్చును. కాలిన ప్రేగు అంత సులభముగ మానదు. అట్లు చెప్పినవారిపై నా బెత్తము లేవదని ఇందుమూలముగ మాట యిచ్చుచున్నాను.