పైకప్పు కొట్టి వినే చెయ్యి: కాంటెంపరరీ డాన్స్‌ని ఎలా చూడాలి?

కాలేజ్ ఫెస్ట్‌లో 'కాంటెంపరరీ' అనగానే మనకు గుర్తొచ్చేది ఒక విషాదగీతం, నేల మీద నాలుగు దొర్లుళ్లు, చివర్లో ఒక లిఫ్ట్. అంతర్జాతీయ నాటక, నృత్యోత్సవాల వీడియోలు పెట్టుకుంటే మాత్రం అయోమయమే. ఒకామె నడుస్తూనే ఉంటుంది. ఒకాయన కుర్చీలు జరుపుతుంటాడు. పాట లేదు, కథ లేదు. 'ఇందులో డాన్స్ ఏది?' అనిపిస్తుంది.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన గోదావరిఖని వాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. అది బొగ్గు దారి.

రూర్ నుంచి

జర్మనీలోని రూర్ కూడా మన సింగరేణి లాగే బొగ్గు మీద బతికిన ప్రాంతం. అక్కడి ఎస్సెన్ నగరంలో ఫోక్‌వాంగ్ కళాశాల 1927లో మొదలైంది. అందులో కుర్ట్ యోస్ దగ్గర చదువుకున్న అమ్మాయి పీనా బౌష్. 1973లో పక్కనున్న వుపర్టాల్ నగర బ్యాలే బృందానికి డైరెక్టర్ అయింది. నృత్యాన్నీ నాటకాన్నీ కలిపిన 'టాంట్స్‌థియేటర్'కి ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆమే.

బౌష్ తన డాన్సర్లను ప్రశ్నలు అడిగేది. వాళ్లు మాటతోనో, కదలికతోనో చెప్పిన జవాబుల్లోంచి కొన్ని ఏరి ప్రదర్శనగా కూర్చేది. 1975లో చేసిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో వేదికంతా మట్టి పరిపించింది. చెమట పట్టిన ఒంటికి ఆ మట్టి అంటుకుంటుంది, ఆయాసం పైకే వినిపిస్తుంది. సంప్రదాయ బ్యాలేలో కష్టం కనబడకుండా దాచాలి. ఇక్కడ కష్టమే కనబడాలి. తన 1978 నాటి 'కాంటాక్ట్‌హోఫ్'ని 2000లో 65 ఏళ్లు దాటిన మామూలు మనుషులతో మళ్లీ చేయించింది. వాళ్లెవరూ డాన్సర్లు కారు.

ఎస్సెన్‌లోని సోల్‌వెరైన్ గని 1986లో మూతపడింది. షిఫ్ట్ దిగిన కార్మికులు స్నానాలు చేసిన అక్కడి భవనం ఇప్పుడు నృత్యకేంద్రం. 2002 నుంచి ఆ ప్రాంతంలోని పాత ఫ్యాక్టరీ హాళ్లలోనే 'రూర్‌ట్రియెనాలె' అనే అంతర్జాతీయ కళోత్సవం జరుగుతోంది.

మన దగ్గర

వేషం మార్చకుండా పాత్ర మారడం మనకు కొత్తేం కాదు. ఒగ్గుకథలో కథ చెప్పే మనిషే ఒక్క క్షణంలో పాత్రయిపోతాడు, మళ్లీ కథకుడైపోతాడు. డోలు దెబ్బ, గొంతు, నడుము వంపు చాలు. అది అర్థమైనవాళ్లకు ఖాళీ వేదిక భయపెట్టదు.

ఇక కదలిక. అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు కొట్టి వింటాడు. గట్టి శబ్దం వస్తే ఒక అర్థం. డొల్లగా మోగితే పొర వదులైందని, మనుషుల్ని తప్పించాలని అర్థం. కొట్టడం, ఆగడం, తల వంచి వినడం. ఆ ఆగడంలోనే కింద ఉన్నవాళ్ల ప్రాణం ఉంది. దీన్ని వేదిక మీద పెడితే 'ఇందులో డాన్స్ ఏది?' అని మనలో ఎవరూ అడగరు. ఎందుకంటే ఆ చెయ్యి దేనికి కదులుతుందో మనకు తెలుసు.

కాబట్టి ఇకమీద ఏ ప్రదర్శన చూసినా మూడు ప్రశ్నలు వేసుకుందాం:

1. ఈ ఒళ్లు ఏ బరువు మోస్తోంది?
2. ఎక్కడ ఆగుతోంది, దేనికోసం ఆగుతోంది?
3. ఒకే కదలిక మళ్లీ వచ్చినప్పుడు ఏం మారింది?

మనం చేయగలిగింది

అండర్‌గ్రౌండ్ పని మెల్లమెల్లగా ఓపెన్‌కాస్ట్‌కీ, యంత్రాలకీ మారుతోంది. పనిముట్లను మ్యూజియంలో పెట్టొచ్చు. పని చేసే తీరు మాత్రం రిటైరైన మనిషితోనే వెళ్లిపోతుంది. అది ఇంకా మన ఇళ్లలో, కాలనీల్లో ఉంది.

ఈ సెలవుల్లో అలాంటి ఒక పెద్దాయన దగ్గర కూర్చోండి. 'మీ అనుభవాలు చెప్పండి' అనకండి, ఉపన్యాసం మొదలవుతుంది. బౌష్ లాగా చిన్న ప్రశ్న అడగండి: 'క్యాప్ ల్యాంప్ ఆరిపోతే మీ చెయ్యి ముందు ఎటు పోయేది తాతా?' మాటల కంటే ముందు ఆయన చెయ్యి కదులుతుంది. దాన్ని చూడండి. ఆయన సరేనంటేనే రాసుకోండి, వీడియో తియ్యండి. రేపు దాన్ని నాటకంగా చేస్తే, ఆ పాత్ర మీరు వేసే ముందు ఆయన్నే అడగండి, 'మీరే చేస్తారా?' అని.